గుంటూరు డాక్టర్ సిస్టరు, పేరు దక్కని మంత్రసానులు

గొలుగొండ మండలంలో మా పరిశోధన పని మీద తిరుగుతున్న రోజుల్లో ఒక దళిత క్రైస్తవ కుటుంబం ఇంట్లో మధ్యాహ్నం అన్నం తిన్నాం. గోడ మీద మూడు పటాలున్నాయి: అంబేడ్కర్, మరియమ్మ, మదర్ థెరెసా. ఇంటర్ చదువుతున్న ఆ ఇంటి అమ్మాయి థెరెసా పటం చూపించి అడిగింది: "ఈవిడ ఎక్కడో దేశం నుంచి కలకత్తా వచ్చింది. అల్ఫోన్సమ్మది కేరళ. మన తెలుగోళ్ల కాడ సెయింటైన సిస్టరమ్మ ఎవులూ నేరా అక్కా?"

చటుక్కున జవాబు చెప్పలేకపోయాం. ఆ తర్వాత చదివి, తెలుసుకుని చెప్పిన జవాబే ఈ వ్యాసం. సెయింటుగా ప్రకటించబడిన తెలుగు సిస్టరు ఇంకా ఎవరూ లేరు. కానీ తెలుగు నేల మీద పనిచేసి ఆ దారిలో సగం దాకా వచ్చిన పేరు ఒకటుంది. ఆమె పేరు మేరీ గ్లౌరీ. పుట్టింది ఆస్ట్రేలియాలో, పని చేసింది గుంటూరులో. ఆమె కథను భక్తి పుస్తకాలు చెప్పే తీరు వేరు, మా లాంటి వాళ్లం చదవాల్సిన తీరు వేరు అని మాకు అనిపించింది. ఎందుకంటే ఆ కథ నడుమ ఉన్నది పురుడు. పురుడు చుట్టూ ఉన్నది మైల. మైల అంటే ఏమిటో మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

మేరీ గ్లౌరీ 1887 జూన్ 23న ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం, బిర్రెగుర్రా అనే ఊళ్లో పుట్టారు. ఐరిష్ మూలాలున్న కుటుంబం. స్కాలర్‌షిప్ మీద చదువుకుని మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో వైద్యంలో చేరి 1910లో పట్టా పుచ్చుకున్నారు. ఆడవాళ్లు డాక్టర్లు కావడమే వింతగా ఉన్న కాలం అది. మెల్‌బోర్న్‌లో కంటి డాక్టరుగా మంచి ప్రాక్టీసు ఉండేది. 1916లో మొదలైన కాథలిక్ స్త్రీల సామాజిక సంఘానికి తొలి అధ్యక్షురాలు కూడా ఆమే. అంటే గుంటూరు రాకముందే ఆమెకు పేరుంది, సంపాదన ఉంది, పట్నంలో ఒక స్థానం ఉంది.

1915 అక్టోబరులో ఒక ఆదివారం ఆమె ఒక చిన్న కరపత్రం చదివారు. అది ఆగ్నెస్ మెక్‌లారెన్ అనే స్కాట్లాండ్ డాక్టర్ గురించి. భారతదేశంలో పసిబిడ్డలు ఎంత ఘోరంగా చనిపోతున్నారో, మగ డాక్టర్ల దగ్గరికి వెళ్లే వీలు లేక ఆడవాళ్లు ఎలా చనిపోతున్నారో అందులో ఉంది. తన జీవితం ఇక అక్కడే అని ఆ రోజే తేల్చుకున్నట్టు ఆమె తర్వాత చెప్పుకున్నారు. యుద్ధం ముగిసేదాకా ఆగారు. ఆగిన ఆ కాలాన్నీ వృథా చేయలేదు. ప్రసూతి, స్త్రీ వైద్యం, కంటి వైద్యాల్లో పై చదువు చదివి 1919లో ఎం.డి. పూర్తి చేశారు. 1920 జనవరిలో ఓడ ఎక్కి ఫిబ్రవరిలో గుంటూరు చేరారు. అక్కడ పనిచేస్తున్న డచ్ సిస్టర్ల సభలో, అంటే మనం జె.ఎం.జె. సిస్టర్లు అని పిలిచే యేసు మరియ యోసేపు సభలో చేరి, సిస్టర్ మేరీ ఆఫ్ ది సేక్రెడ్ హార్ట్ అనే పేరు తీసుకున్నారు.

ఇక్కడ ఒక అడ్డంకి ఉంది. చర్చి నియమాల ప్రకారం సన్యాసినులు వైద్యం చేయకూడదు. ముఖ్యంగా పురుళ్లు పోయకూడదు. రోగికి గంజి తాగించవచ్చు, కట్టు కట్టవచ్చు, పక్కన కూర్చుని జపమాల చెప్పవచ్చు. కానీ ప్రసవమవుతున్న ఆడమనిషి శరీరాన్ని ముట్టుకోవడం, చూడడం బ్రహ్మచర్య వ్రతానికి తగదని పెద్దల లెక్క. ఆగ్నెస్ మెక్‌లారెన్ ఈ నిషేధాన్ని ఎత్తేయమని ముసలితనంలో రోముకు మళ్లీ మళ్లీ వెళ్లి అడిగారు. 1913లో చనిపోయేదాకా ఆమెకు ఆ మాట దక్కలేదు. మేరీ గ్లౌరీ విషయంలో పోప్ బెనడిక్ట్ 15 ప్రత్యేక అనుమతి ఇచ్చారు. సన్యాసినిగా ఉంటూ డాక్టరుగా పనిచేసిన తొలి కాథలిక్ మహిళ అని ఆమెను అందుకే అంటారు. మిగతా సిస్టర్లందరికీ ఆ తలుపు తెరుచుకున్నది 1936 ఫిబ్రవరిలో, రోము నుంచి వచ్చిన ఒక ఆదేశంతో. అంటే ఒక్క మనిషికి మినహాయింపు ఇచ్చాక, అది నియమంగా మారడానికి దాదాపు 16 ఏళ్లు పట్టింది.

ఈ నిషేధం గురించి చదువుతున్నప్పుడు మాకు మంత్రసానులే గుర్తొచ్చారు. తెలుగు పల్లెల్లో పురుడు పోసే పని చాలాచోట్ల మంగలి ఆడవాళ్లది, మరికొన్ని చోట్ల మాల, మాదిగ ఆడవాళ్లది. కొండల్లో అయితే ఆ గూడెంలోనే అనుభవమున్న పెద్దావిడ చూసుకునేది. నొప్పులు మొదలైన రాత్రి ఆమె కోసం పరుగెత్తుకుంటూ వస్తారు. అప్పుడు ఆమె ఏ గదిలోకైనా రావచ్చు. బిడ్డను పట్టుకోవచ్చు, బొడ్డు కోయవచ్చు, మాయ తీసి పాతిపెట్టవచ్చు. పురిటి స్నానం అయిందంటే మళ్లీ ఆమె గడప అవతలే. కూలిగా చేటెడు వడ్లు, ఒక పాత చీర. ఆ పనికి ఊరు ఇచ్చిన విలువ ఏమిటో ఒక సామెతలోనే ఉంది: మంత్రసానితనానికి ఒప్పుకున్నాక బిడ్డొచ్చినా పట్టాలి, పియ్యొచ్చినా పట్టాలి. దీన్ని అందరూ నవ్వుతూ వాడతారు. ఆ సామెతలో ఎవరి చేతులున్నాయో మాత్రం ఎవరూ అడగరు.

రోములో ఉన్న పెద్దలకు పురుడు వ్రతభంగం. మన ఊరి పెద్దలకు పురుడు మైల. కారణాలు వేరైనా ఫలితం ఒక్కటే: చదువు, పవిత్రత ఉన్నాయనుకున్న చేతులు దాన్ని ముట్టుకోవు. ఆ పని అడుగున ఉన్న కులాల ఆడవాళ్లకు వదిలేస్తారు, వదిలేసి వాళ్లనే అశుభ్రం అంటారు. ఎం.డి. చదివిన ఒక తెల్ల సన్యాసిని పోప్ చేత అనుమతి రాయించుకుని మరీ ఈ పనిలోకి దిగడం అనేది, ఆమె ఆ ఉద్దేశంతో చేసినా చేయకపోయినా, మైల భావన మీద పడ్డ ఒక దెబ్బ అని మేము అనుకుంటున్నాం. అయితే ఇంకో మాట కూడా చెప్పాలి. అదే పని ఆమె చేస్తే పవిత్ర సేవ అయింది. తరతరాలుగా చేసిన మంత్రసానిది కుల వృత్తిగానే మిగిలిపోయింది.

కరపత్రాలు చెప్పిన కథలో ఒక లోటు కూడా ఉంది. పరదా చాటున ఉండి మగ డాక్టరుకు చేయి కూడా చూపించలేని ఆడవాళ్ల గురించి అవి ఎక్కువగా చెప్పాయి. కోస్తా జిల్లాల్లో ఘోషా కొన్ని పై కులాల ఇళ్లలోనే ఉండేది. మాల, మాదిగ ఆడవాళ్లకు ఘోషా ఎక్కడిది? నొప్పులు వచ్చేదాకా నాట్లు వేసి, గట్టు మీదే కన్నవాళ్లు మన అమ్మమ్మల్లో ఉన్నారు. వాళ్లకు అడ్డు వచ్చింది పరదా కాదు. అంటరానితనం, ఆకలి, దూరం.

గుంటూరుకు వచ్చిన తొలి మహిళా డాక్టర్ మేరీ గ్లౌరీ కాదు. ఆమెకన్నా 37 ఏళ్ల ముందే, 1883లో, అమెరికా లూథరన్ మిషన్ నుంచి డాక్టర్ ఆనా కుగ్లర్ వచ్చారు. 1898లో ఆడవాళ్ల కోసం ఆసుపత్రి తెరిచారు. గుంటూరు వాళ్లు ఇప్పటికీ కుగ్లర్ ఆసుపత్రి అనేది దాన్నే. ప్రొటెస్టెంట్లలో సెయింట్లను ప్రకటించే పద్ధతి లేదు కాబట్టి కుగ్లర్ పేరు ఆసుపత్రి గోడకే పరిమితమైంది. సెయింటు కావడానికి మంచితనం ఒక్కటే చాలదు, దాన్ని నమోదు చేసే వ్యవస్థ కూడా ఉండాలని దీన్నిబట్టి తెలుస్తుంది.

జె.ఎం.జె. సిస్టర్ల చిన్న డిస్పెన్సరీ క్రమంగా సెయింట్ జోసెఫ్ ఆసుపత్రిగా ఎదిగింది. చాలా ఏళ్లు అక్కడ డాక్టర్ ఆమె ఒక్కరే. లక్షల మంది రోగులను చూశారు, చుట్టుపక్కల పల్లెలకు వెళ్లారు. మా దృష్టిలో వీటన్నిటికన్నా పెద్ద పని స్థానిక యువతులకు శిక్షణ ఇవ్వడం. నర్సులుగా, కాంపౌండర్లుగా, మంత్రసానులుగా ఆమె తయారు చేసిన తెలుగు అమ్మాయిలు ఆసుపత్రిని నడిపారు. గుంటూరు ప్రాంతపు కాథలిక్కుల్లో ఫిరంగిపురం వంటి చోట్ల పాతకాలపు రెడ్డి, కమ్మ కుటుంబాలున్నాయి. సంఖ్యలో ఎక్కువ మంది మాత్రం దళితులే. అదే జిల్లా వినుకొండలో 1895లో క్రైస్తవ కుటుంబంలో పుట్టిన జాషువాకు బడిలో, సభల్లో ఏం ఎదురైందో మన పాఠకులకు తెలుసు. అలాంటి ఊళ్ల నుంచి వచ్చిన ఒక అమ్మాయి తెల్ల గౌను వేసుకుని, పెద్ద కులం ఇంటి ఆడమనిషికి పురుడు పోసి, మందు తాగించి, ఆమె చేత 'నర్సమ్మ' అనిపించుకోవడం ఎంత పెద్ద మార్పో ఊహించండి. చేసే పని ఒకప్పటి మంత్రసాని పనే. కానీ దానికి చదువు తోడైంది, జీతం తోడైంది, గౌరవవాచకం తోడైంది.

1943లో 16 మంది సిస్టర్లతో కలిసి ఆమె కాథలిక్ ఆసుపత్రుల సంఘాన్ని మొదలుపెట్టారు. ఇప్పుడు దాన్ని 'చాయ్' అంటున్నారు. కేంద్ర కార్యాలయం సికింద్రాబాదులో ఉంది. దేశమంతటా 3,500కు పైగా సంస్థలు అందులో సభ్యులు. భారతీయ అమ్మాయిలను డాక్టర్లుగా తయారు చేసే కాథలిక్ వైద్య కళాశాల కావాలని ఆమె పట్టుబట్టారు. అది బెంగళూరులో సెయింట్ జాన్స్ పేరుతో 1963లో వచ్చింది. ఆమె చూడలేదు. క్యాన్సర్‌తో చాలాకాలం బాధపడి 1957 మే 5న బెంగళూరులోనే చనిపోయారు.

ఆమె ఆధ్యాత్మికత గురించి ఒక్క మాటే చెప్పగలం. రోగి శరీరం ఒకటి, ఆత్మ ఒకటి అని ఆమె విడదీసి చూడలేదు. శరీరం పాపపు మూట కాబట్టి బాధలు ఓర్చుకో, పరలోకంలో సుఖముంటుంది అనే బోధ మన చర్చిల్లో బాగా నాటుకుపోయింది. అల్ఫోన్సమ్మ కథ దాదాపు పూర్తిగా బాధను ఓర్చుకున్న కథే. గ్లౌరీ దగ్గర ప్రార్థన ఉంది, కానీ ప్రార్థన అయ్యాక కత్తెర మరిగించడం ఉంది. బాధను దేవుడికి అర్పించడం కన్నా ముందు దాన్ని తగ్గించాలని ఆమెకు అనిపించింది. శరీరమే మైల అనిపించుకున్న జనానికి ఈ తేడా చిన్నది కాదు.

అలాగని ఆమెను విమర్శకు అందని మనిషిగా చూపించే ఉద్దేశం మాకు లేదు. గర్భనిరోధం, గర్భస్రావం విషయంలో ఆమెది చర్చి మాటే, రాజీలేని వ్యతిరేకత. వరుస కాన్పులతో నలిగిపోయిన కూలి ఆడమనిషికి ఈ వైఖరి ఏం మిగిల్చిందని ఒక ఫెమినిస్టు అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. ఆ తర్వాతి దశాబ్దాల్లో ప్రభుత్వం నడిపిన కుటుంబ నియంత్రణ శిబిరాల్లో టార్గెట్లు నిండింది కూడా పేద ఆడవాళ్ల శరీరాలతోనే. ఒకరు వద్దన్నారు, ఒకరు చేయించుకోవాల్సిందే అన్నారు. నీకేం కావాలి అని ఆమెను అడిగినవాళ్లు తక్కువ. ఇంకో సంగతి: గ్లౌరీ దయగా ఇచ్చినదాన్ని అంబేడ్కర్ హక్కుగా అడిగారు. 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లును సమర్థిస్తూ ఆయన మాట్లాడారు. కాన్పుకు ముందూ వెనకా తల్లికి విశ్రాంతి ఇవ్వడం దేశానికే మేలు కాబట్టి ఆ ఖర్చులో ప్రభుత్వానికీ వాటా ఉండాలని వాదించారు. ఒకే దశాబ్దంలో గుంటూరులో ఒక సన్యాసిని ఆసుపత్రి, బొంబాయిలో ఒక దళిత నాయకుడి ప్రసంగం. ఈ రెంటినీ కలిపి చదవాలి.

ఆమె 'సెయింటు' దాకా ఎంత దూరంలో ఉన్నారో ఇప్పుడు చూద్దాం. కాథలిక్ పద్ధతిలో నాలుగు మెట్లు ఉంటాయి. విచారణ మొదలైనప్పుడు 'దైవ సేవకురాలు'. జీవితం ఆదర్శప్రాయమని పోప్ ఒప్పుకుంటే 'వెనరబుల్'. ఆమె మధ్యవర్తిత్వం వల్ల ఒక అద్భుతం జరిగిందని నిర్ధారిస్తే 'బ్లెస్డ్'. ఇంకో అద్భుతం ఉంటే 'సెయింట్'. మేరీ గ్లౌరీకి మొదటి మెట్టు 2013లో గుంటూరు మేత్రాసనం ద్వారా వచ్చింది. 2025 నవంబరులో పోప్ లియో 14 ఆమె జీవితాన్ని ఆదర్శప్రాయంగా గుర్తించడంతో 'వెనరబుల్' అయ్యారు. ఇక కావాల్సింది అద్భుతం. వైద్యశాస్త్రం వివరించలేని స్వస్థత జరగాలి. జీవితమంతా వైద్యశాస్త్రంతోనే జనాన్ని బతికించిన డాక్టరుకు ఈ షరతు కాస్త విచిత్రంగా ఉంటుంది.

ఈ వరుసలో కులం ఎక్కడ ఉంది? భారతదేశం నుంచి సెయింట్లైన సన్యాసినుల్లో అల్ఫోన్సా (2008), యూఫ్రేసియా (2014), మరియం త్రేసియా (2019) ముగ్గురూ కేరళ సీరో మలబారు చర్చి వారు. 2022లో సెయింటైన దేవసహాయం నాయర్ కుటుంబం నుంచి వచ్చిన మనిషి. ఆయన పేరు చివర కులాన్ని సూచించే 'పిళ్లై' ఉండకూడదని అభ్యంతరాలు వచ్చాక రోము దాన్ని తీసేసింది. తోక తీసేయడం మంచిదే. కానీ ఈ జాబితాలో దళిత కుటుంబంలో పుట్టినవాళ్లు కనిపించరు. భారత బిషప్పుల మండలి 2016లో ప్రకటించిన దళిత విధానమే దేశంలోని 1.9 కోట్ల కాథలిక్కుల్లో 1.2 కోట్ల మంది దళితులని చెప్పింది, చర్చిలో వివక్ష ఉందని ఒప్పుకుంది. తెలుగు నేల నుంచి మరంపూడి జోజి 2000లో హైదరాబాదుకు తొలి దళిత ఆర్చిబిషప్ అయ్యారు. పూల ఆంథోని 2022లో తొలి దళిత కార్డినల్ అయ్యారు. గౌరవ పీఠాలు ఆలస్యంగానైనా కదిలాయి. పూజ పీఠం ఇంకా కదలలేదు. 2008 కంధమాల్ హింసలో చనిపోయిన కాంతేశ్వర్ దిగాల్, ఆయన సహచరుల విషయంలో విచారణకు 2023లో రోము అనుమతి ఇచ్చింది. వాళ్లలో ఎక్కువ మంది దళితులు, ఆదివాసులు. అది మన పాఠకులు గమనిస్తూ ఉండాల్సిన ఫైలు.

మళ్లీ గొలుగొండకు వద్దాం. 1920లో మేరీ గ్లౌరీ గుంటూరులో దిగిన రెండేళ్లకు, 1922 ఆగస్టులో, ఈ కొండల్లో తిరుగుబాటు మొదలైంది. అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసిన పోలీసు స్టేషన్లలో ఈ మండలంలోని కృష్ణదేవిపేట ఒకటి. ఆదివాసుల చేత వెట్టిగా రోడ్లు వేయించడం ఆ తిరుగుబాటుకు ఒక ముఖ్య కారణం. వందేళ్ల తర్వాత ఇదే మండలం కొండ పల్లెల్లో గర్భిణిని డోలీ కట్టి మోసుకొస్తున్నారు, ఎందుకంటే రోడ్డు లేదు. ఇక్కడ ఆదివాసులున్నా ఈ పల్లెలు ఐదో షెడ్యూలులో లేవు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు అల్లూరి పేరున్న జిల్లా ఒకవైపు, అల్లూరి సమాధి ఉన్న కృష్ణదేవిపేట అనకాపల్లి జిల్లాలో, ఇంకోవైపు. ఏజెన్సీకి వచ్చే నిధులు, హక్కులు ఈ పల్లెల దాకా రావు. పోరాడుతున్నవాళ్లు అడుగుతున్నది అదే.

అన్నం తిన్న ఆ దళిత ఇంటి సమస్య వేరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల గుర్తింపును హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులైన దళితులకు బీసీ-సీ కింద ఉన్నది 1 శాతం రిజర్వేషను. ఒక పాస్టర్ పెట్టిన అట్రాసిటీ కేసులో, క్రైస్తవం తీసుకున్నవారికి ఆ చట్టం రక్షణ వర్తించదని రాష్ట్ర హైకోర్టు 2025 ఏప్రిల్ 30న చెప్పింది. కులం పేరుతో తిట్టేవాడు నువ్వు ఆదివారం ఎక్కడికి వెళ్తావని అడిగి తిట్టడు. కానీ చట్టం అడుగుతుంది. కుల ధ్రువపత్రం ఎంక్వైరీకి మనిషి వస్తున్నాడంటే గోడ మీది పటాల్లో ఒకదాన్ని తీసి బీరువా వెనక పెట్టే ఇళ్లు మాకు తెలుసు. మరియమ్మను పక్కకు పెడితే అంబేడ్కర్ ఇచ్చిన హక్కు దక్కుతుంది. ఇద్దరినీ ఒకే గోడ మీద ఉంచుకునే వీలు కావాలని అడగడం పెద్ద కోరిక కాదు.

మేరీ గ్లౌరీని తమ మనిషి అని చెప్పుకునే ఆసుపత్రులకు, సంఘాలకు మేము వేసే ప్రశ్న ఒకటే. ఆమె జీవితంలో తన డిగ్రీని తీసుకుని, డిగ్రీ లేని చోటికి వెళ్లారు. ఇప్పుడు ఆ చోటు డోలీలు తిరుగుతున్న ఈ కొండలే. ఆమె పేరుతో పూజలు చేసి, అద్భుతం కోసం ఎదురుచూసే ప్రతి ఊళ్లోనూ ఒక నర్సు, ఒక జీపు ఉంటే ఆ ఎదురుచూపుకు అర్థం ఉంటుంది. ప్రభుత్వం బాధ్యత దీనివల్ల తగ్గదు. అది వేరే పోరాటం, అదీ సాగాలి.

రెండోసారి గొలుగొండ వెళ్లినప్పుడు ఆ అమ్మాయికి ఈ కథంతా చెప్పాం. మూల మంచం మీద పడుకుని వింటున్న వాళ్ల నాయనమ్మ లేచి కూర్చుంది. ఆమె ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్లలో పురుళ్లు పోసిన మనిషని అప్పుడే తెలిసింది. ఎన్ని పోసిందో లెక్క లేదంది. సెయింటు సంగతి ఆమె పట్టించుకోలేదు. అడిగింది ఒక్కటే: "ఆ సిస్టరమ్మ బొడ్డు ఏటితో కోసీది?"

మరిగించిన కత్తెరతో అని చెప్పాం.

"మాది కొడవలి," అంది. "నిప్పుల మీద ఎర్రగా కాల్చీవోళ్లం. నా సేతిలో ఏ బిడ్డకీ సీము పట్టనేదు."